గ్రేడియంట్ కోసం వెతకడం ఎందుకు, లెక్క చెప్పి గీయించుకోండి

(వీడియో ఎడిటర్లకూ, ఫోటో స్టూడియోల వారికీ, డిగ్రీ విద్యార్థులకూ నెల్లూరులో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయిన వారు చదువుకోవడానికి వీలుగా రికార్డింగు విని టైపు చేసి ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. కావలి నుంచి, ఆత్మకూరు నుంచి, అటు ఒంగోలు వైపు నుంచి కూడా వచ్చిన వారున్నారని నిర్వాహకులు చెప్పారు. ఇంత దూరం వచ్చారు కాబట్టి, ఈ రోజు తీసుకున్న విషయం చిన్నదే అయినా దాన్ని లోతుగా చూద్దాం. ఆ విషయం గ్రేడియంట్. ఒక రంగు మెల్లగా జారి ఇంకొక రంగులోకి కలిసిపోయే నేపథ్యం. పెళ్లి రిసెప్షన్‌లో వేదిక వెనక ఎల్‌ఈడీ వాల్ మీద వధూవరుల పేర్ల వెనకాల మీరు వేసేది అదే. లోకల్ ఛానల్‌లో వార్తల పట్టీ కింద కనిపించేదీ, భక్తిగీతాల లిరికల్ వీడియోల్లో అక్షరాల వెనక కదిలేదీ అదే.

దాన్ని ఇప్పుడు మీరు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారు? ఎక్కడో వెతికి డౌన్‌లోడ్ చేసుకుంటున్నారు. అది ఎవరిదో తెలియదు, వాడుకోవచ్చో లేదో తెలియదు, కొలత మన వాల్‌కు సరిపోదు, రంగు పెళ్లివారు అడిగిన రంగు కాదు, ఇరవై సెకన్లు కాగానే ఒక్క కుదుపుతో మళ్లీ మొదటికి వస్తుంది. ఇంతా చేసి ఆ ఫైలులో ఉన్నదేమిటి? కెమెరాతో తీసిన దృశ్యమా? కాదు. ఎవరో గీసిన బొమ్మా? అదీ కాదు. ప్రతి పిక్సెల్‌కూ ఒక కూడిక, ఒక గుణకారం చేయగా వచ్చిన అంకె మాత్రమే. అంకెలను డౌన్‌లోడ్ చేసుకోవడమెందుకు? లెక్క చెబితే మన కంప్యూటరే వేస్తుంది కదా.

ఆ లెక్క వేసే పనిముట్టు పేరు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్. ఫాబ్రీస్ బెల్లార్ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామరు 2000లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. మీలో చాలామంది దాన్ని వీడియో ఫార్మాట్లు మార్చే యంత్రంగానే ఎరుగుదురు. ఇది బటన్లు ఉండే సాఫ్ట్‌వేర్ కాదు, నల్లని టెర్మినల్ కిటికీలో కమాండు టైపు చేయాలి. భయపడకండి, ఈ రోజుకు మనకు కావలసింది ఒక్క వరుస. ఈ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో చాలామంది తెరిచి చూడని గది ఒకటుంది. ఇన్‌పుట్ ఫైలు ఏదీ ఇవ్వకుండా, వీడియోను శూన్యం నుంచి పుట్టించే సోర్సులు అందులో ఉన్నాయి. టీవీల్లో చూసే రంగుల పట్టీలు, పరీక్ష నమూనాలు, గణిత సూత్రంతో పుట్టే మాండెల్‌బ్రాట్ ఆకారాలు, వాటి పక్కనే మనకు కావలసిన గ్రేడియంట్స్ అనే సోర్సు, ఇవన్నీ అక్కడే దొరుకుతాయి.

కమాండు నోటితో చెబుతాను, రాసుకోండి. మొదట ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అని టైపు చేసి ఖాళీ వదలండి. తర్వాత హైఫన్ ఎఫ్, ఖాళీ, ఎల్‌ఏవీఎఫ్‌ఐ. ఇన్‌పుట్ ఫైలు నుంచి కాదు, లోపలి ఫిల్టర్ నుంచి వస్తుందని చెప్పే ముక్క అది. తర్వాత హైఫన్ ఐ, ఖాళీ, ఆపైన డబుల్ కోట్స్ తెరిచి గ్రేడియంట్స్ అని రాసి, ఈక్వల్స్ గుర్తు పెట్టి, కొలత, రంగులు, వేగం వంటి వివరాలు ఒక్కొక్కటీ కోలన్‌తో విడదీస్తూ ఇచ్చి కోట్స్ మూసేయండి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో సింగిల్ కోట్స్ పని చేయవు, డబుల్ కోట్సే పెట్టాలి, ఇది గుర్తుంచుకోండి. తర్వాత హైఫన్ టీ, ఖాళీ, 20. అంటే ఇరవై సెకన్లు. చివర ఫైలు పేరు.

ఆ హైఫన్ టీ మరిచిపోతే ఏమవుతుంది? ఈ సోర్సుకు ముగింపు అనేది లేదు. మీరు ఆపేదాకా, లేదా హార్డ్ డిస్క్ నిండేదాకా గీస్తూనే ఉంటుంది. అలా జరిగితే కంగారుపడకుండా క్యూ అక్షరం నొక్కండి, ఫైలును సక్రమంగా మూసి ఆగిపోతుంది. ఫైలు తయారు చేయకుండా ముందు చూసుకోవాలంటే ఎఫ్‌ఎఫ్‌ప్లే అనే తోడు ప్రోగ్రాము ఉంది, చివరి ఫైలు పేరు తీసేసి అదే వరుస దానికిస్తే కిటికీలో ఆడించి చూపిస్తుంది. మీ దగ్గరున్నది పాత వెర్షన్ అయితే ఈ సోర్సు ఉండకపోవచ్చు. హైఫన్ ఫిల్టర్స్ అని కొడితే ఉన్నవాటి జాబితా మొత్తం వస్తుంది, అందులో వెతుక్కోండి.

ఇంకొక్క ముక్క ఇప్పుడే చెప్పేస్తాను, ఎందుకంటే మొదటిసారి చేసిన వారందరూ ఇక్కడే ఆగిపోతారు. ఫైలు తయారవుతుంది, మన కంప్యూటరులో చక్కగా ఆడుతుంది, ఫోనులో పెడితే ఆడదు, వాల్‌కు బొమ్మ పంపే పెట్టె, అంటే వాల్ ప్రాసెసర్‌కు ఇచ్చినా ఆడదు. కారణమేమిటి? గ్రేడియంట్స్ సోర్సు ఆర్‌జీబీలో, అంటే ఎరుపు, పచ్చ, నీలం అంకెలుగా పుట్టిస్తుంది. వీడియోను కుదించే ఎక్స్264 ఎన్‌కోడరుకు అందించేటప్పుడు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, రంగు సమాచారం ఏదీ పోగొట్టకూడదని, దాన్ని 4:4:4 పద్ధతిలోకి, అంటే ప్రతి పిక్సెల్‌కూ రంగు వివరం పూర్తిగా ఉంచే పద్ధతిలోకి మారుస్తుంది. చాలా ఫోన్లు, మీడియా ప్లేయర్లు దాన్ని విప్పలేవు. అందుకని ఫైలు పేరుకు ముందు హైఫన్ పిక్స్ అండర్‌స్కోర్ ఎఫ్‌ఎంటీ, ఖాళీ, వైయూవీ420పీ అని తప్పకుండా రాయండి. అలా రాస్తే రంగు సమాచారం నిలువునా అడ్డంగా సగానికి తగ్గుతుంది కదా అని అనుమానం రావచ్చు. గ్రేడియంట్‌లో రంగు మెల్లగా మారేదే కాబట్టి అక్కడ నష్టం కనిపించదు. దాని మీద ఎర్రటి సన్నని అక్షరాలు వేస్తే మాత్రం అంచులు పాకినట్టుంటాయి. అది అక్షరాల సంగతి, నేపథ్యానిది కాదు.

ఇక రంగులకు వద్దాం. ఈ సోర్సు 2 నుంచి 8 రంగుల వరకు తీసుకుంటుంది. సీ0, సీ1, సీ2 అంటూ సీ7 దాకా పేర్లు. మీరు ఏ రంగూ చెప్పకపోతే దానికి తోచినవి వేస్తుంది, ప్రతిసారీ వేరే రంగులు వస్తాయి. మూడు రంగులు చెప్పి, ఎన్ ఈక్వల్స్ 3 అని చెప్పకపోతే మూడోది పట్టించుకోదు, రెండింటితోనే సరిపెడుతుంది. మూడో రంగు ఏమైందని వెతికి వెతికి అలసిపోతారు, ముందే చెబుతున్నాను.

ఇప్పుడు మీకొక ప్రశ్న. పసుపుకూ నీలానికీ మధ్య గ్రేడియంట్ వేస్తే నడిమధ్యలో ఏ రంగు వస్తుంది? ఆకుపచ్చ అంటున్నారు. డ్రాయింగు మాస్టారు చెప్పిన రంగుల డబ్బాలో అయితే మీ మాట నిజమే. ఇక్కడ కాదు. పసుపు అంటే ఎరుపు 255, పచ్చ 255, నీలం 0. నీలం అంటే 0, 0, 255. రెండింటి సగటు తీయండి. మూడూ ఇంచుమించు 128. అంటే బూడిద రంగు. పెళ్లివారు పసుపూ నీలమూ అడిగారు, మనం వేదిక మధ్యలో, సరిగ్గా వధూవరుల తలల వెనక, బూడిద పూశాం! ఎరుపుకూ పచ్చకూ మధ్యన అయితే మురికి పట్టిన ఆలివ్ రంగు వస్తుంది. దీనికి మందు ఒకటే. నడిమధ్యకు మూడో రంగును మనమే ఎంచి పెట్టాలి. పసుపుకూ నీలానికీ నడుమ గులాబీ రంగు పెట్టి చూడండి. మైపాడులో పొద్దు పొడిచే వేళ ఎప్పుడైనా తూర్పుకు తిరిగి చూశారా? సముద్రం అంచున నారింజ, దానిపైన గులాబీ, ఆపైన ఊదా, అన్నిటికన్నా పైన నీలం. ఆకాశం కూడా నారింజ నుంచి నీలానికి గులాబీ, ఊదాల మీదుగానే వెళుతోంది. ఆ నాలుగు రంగులూ వరుసగా ఇచ్చి, ఎన్ ఈక్వల్స్ 4 అని చెబితే చాలు. ఈ మధ్య రంగు ఎంచడంలోనే ఎడిటరు చేయి తెలుస్తుందని నా అభిప్రాయం, మిగతాదంతా కంప్యూటరు పనే.

కొలత సంగతి. అందరూ కళ్లు మూసుకుని 1920, 1080 అని రాసేస్తారు. మీ వాల్ కొలత అదేనా? నాలుగు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు వాల్ అనుకుందాం. పీ3.91 రకం, అంటే పిక్సెల్‌కూ పిక్సెల్‌కూ మధ్య 3.91 మిల్లీమీటర్లు. వాల్‌గా పేర్చే పలకలు, అంటే క్యాబినెట్లు, 500 మిల్లీమీటర్లవి. ఒక్కో క్యాబినెట్‌లో 128 అడ్డం, 128 నిలువు పిక్సెల్స్ ఉంటాయి. ఎనిమిది అడ్డంగా, అయిదు నిలువుగా పేరిస్తే 1024 అడ్డం, 640 నిలువు. వాల్ మొత్తంలో ఉన్నవి అంతే. ఆ కొలతకే గీయించండి, పిక్సెల్‌కు పిక్సెల్ సరిపోతుంది, ప్రాసెసర్ కుదించాల్సిన పని ఉండదు.

గ్రేడియంట్ ఎటు నుంచి ఎటు జారాలో చెప్పడానికి రెండు బిందువులు ఇవ్వాలి. మొదటి బిందువుకు ఎక్స్0, వై0. రెండోదానికి ఎక్స్1, వై1. వాటిని కలిపే గీత వెంబడి రంగులు పరుచుకుంటాయి. బిందువులు ఇవ్వకపోతే అవి కూడా దానిష్టమే. స్పీడ్ అనే అంకె ఆ గీతను ఫ్రేము నడిబిందువు చుట్టూ తిప్పుతుంది. డిఫాల్ట్ 0.01. అంటే ఒక్కో ఫ్రేముకు 0.01 రేడియన్ తిరుగుతుంది, రేడియన్ అంటే కోణాన్ని కొలిచే ఒక కొలమానం. పూర్తి చుట్టు 6.283 రేడియన్లు కాబట్టి, 628 ఫ్రేములకు ఒక చుట్టు. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన దాదాపు 25 సెకన్లు. మీరు ఇరవై సెకన్ల దగ్గర కోసేస్తే ఏమవుతుంది? చుట్టు పూర్తి కాదు, లూప్‌లో ఆడించినప్పుడు ప్రతి ఇరవై సెకన్లకూ ఒక ఎగురు కనిపిస్తుంది. ఇరవై సెకన్లంటే 500 ఫ్రేములు. 6.283ను 500తో భాగించండి, 0.012566 వస్తుంది. స్పీడ్ అంతే ఇవ్వండి. చివరి ఫ్రేము తర్వాత మొదటి ఫ్రేము వచ్చినా ఎవరికీ తెలియదు, రాత్రంతా ఆడించుకోవచ్చు.

ఇందులో ఒక మెలిక ఉంది, వెనక వరుసలో ఎల్‌ఈడీ వాల్ పనిచేసే తమ్ముళ్లు ప్రత్యేకంగా వినాలి. 1024, 640 వాల్‌కు గీతను పై అంచు మధ్య నుంచి కింది అంచు మధ్యకు పెట్టారనుకోండి. గీత పొడవు 640. మొదట బాగానే ఉంటుంది. పావు చుట్టు తిరిగేసరికి ఆ గీత అడ్డంగా పడుకుంటుంది. పొడవు 640 మాత్రమే, వాల్ వెడల్పు 1024. గీత కొసలు దాటిన చోట కొస రంగే చదునుగా నిండిపోతుంది, అటు 192 పిక్సెల్స్, ఇటు 192 పిక్సెల్స్. నిలువుగా ఉన్నప్పుడు మృదువుగా ఉన్న గ్రేడియంట్ అడ్డంగా తిరిగాక రెండు పక్కలా రంగు కాగితం అంటించినట్టవుతుంది. బిందువులను ఫ్రేము బయటికి జరుపుదామంటే కుదరదు. బయటి విలువ ఇస్తే దాన్ని పక్కన పెట్టి తనకు తోచిన చోట పెట్టుకుంటుంది. మరి ఏం చేయాలి? వాల్ మూల నుంచి మూలకు కొలవండి, 1208 పిక్సెల్స్ వస్తుంది. 1208 అడ్డం, 1208 నిలువుగా చతురస్రం గీయించి, గీతను 604, 0 నుంచి 604, 1207 దాకా పెట్టి, వెనకాలే కామా పెట్టి క్రాప్ ఫిల్టరుతో మధ్యలో 1024, 640 ముక్క కోసుకోండి. క్రాప్‌కు చోటు చెప్పకపోతే మధ్య నుంచే కోస్తుంది. ఇప్పుడు గీత ఎటు తిరిగినా మూలల దాకా రంగు జారుతూనే ఉంటుంది.

గీత రూపమే కాకుండా రేడియల్, సర్క్యులర్, స్పైరల్ అనే రకాలు కూడా టైప్ అనే ఆప్షన్‌లో ఉన్నాయి. స్పైరల్ పెళ్లి వేదికకు పనికిరాదు, చూసేవారికి కళ్లు తిరుగుతాయి.

ఇప్పటిదాకా చెప్పింది తేలిక భాగం. అసలు చిక్కు ఇప్పుడు. గ్రేడియంట్ వేశారు, రంగులు బాగున్నాయి, వాల్ మీద చూస్తే చారలు చారలుగా ఉంది. ఎందుకని? అందరూ చెప్పే జవాబు ఒకటుంది, కంప్రెషన్ ఎక్కువైందని. బిట్‌రేటు, అంటే సెకను వీడియోకు వాడే డేటా, పెంచుతారు. చారలు పోవు. ఇంకా పెంచుతారు. ఇంకా పోవు. ఎందుకు పోవు? ఎందుకంటే అవి కంప్రెషన్‌లో పుట్టలేదు. అంతకు ముందే, అంకెను పూర్ణాంకంగా మార్చిన చోట పుట్టాయి.

లెక్క చూద్దాం. 8 బిట్ల వీడియోలో వెలుతురుకు 16 నుంచి 235 దాకా, అంటే 220 మెట్లే ఉంటాయి. నలుపు నుంచి తెలుపు దాకా 1920 పిక్సెల్స్‌లో పరిస్తే ఒక్కో మెట్టు తొమ్మిది పిక్సెల్స్ లోపే, కంటికి ఆనదు. కానీ మీరు వేసేది నలుపు నుంచి తెలుపుకా? కాదు. రాత్రి రిసెప్షన్‌కు ముదురు నీలం నుంచి ఇంకా ముదురు నీలానికి వేస్తారు. వెలుతురు 16 నుంచి 46 దాకా మాత్రమే మారిందనుకోండి, ఉన్నవి ముప్పై మెట్లు. 1024 పిక్సెల్స్‌ను ముప్పైతో భాగిస్తే మెట్టుకు 34 పిక్సెల్స్. మన వాల్ మీద పిక్సెల్‌కూ పిక్సెల్‌కూ మధ్య 3.91 మిల్లీమీటర్లు. అంటే ఒక్కో చార పదమూడు సెంటీమీటర్ల వెడల్పు, అర అడుగుకు కాస్త తక్కువ. పెన్న గట్టు వాలుగా ఉండాల్సిన చోట రేవు మెట్లు కట్టినట్టు, జారాల్సిన రంగు దిగుతోంది. పైగా రాత్రిపూట కళ్లకు కొట్టకుండా వాల్ బ్రైట్‌నెస్ తగ్గిస్తారు. తగ్గించినకొద్దీ చీకటి రంగుల్లో వాల్ చూపగలిగే మెట్లు ఇంకా తగ్గుతాయి. ఎడిటింగ్ గదిలో మానిటరు మీద కనిపించని చార అక్కడ కనిపించడానికి సగం కారణం ఇదే.

మందులు మూడున్నాయి, మూడింటికీ వేర్వేరు చోట్లు. మొదటిది 10 బిట్లు. అక్కడ వెలుతురుకు 64 నుంచి 940 దాకా 877 మెట్లు, దాదాపు నాలుగింతలు. మీ గ్రేడియంట్ ఇంకా ఎడిటింగ్‌లోకి వెళ్లాల్సి ఉంటే ఎడిటింగ్‌కు వాడే ప్రోరెస్ ఫార్మాట్‌లో, 10 బిట్లతో తీసుకోండి. కొత్త వెర్షన్లలో ఈ సోర్సు 16 బిట్లలో కూడా పుట్టిస్తుంది. గ్రేడియంట్స్ వెనకాల కామా పెట్టి ఫార్మాట్ ఈక్వల్స్ ఆర్‌జీబీఏ64ఎల్‌ఈ అని రాస్తే చాలు. నేరుగా ఫోనుకో వాల్‌కో వెళ్లే ఫైలుకు మాత్రం 10 బిట్ల ఎక్స్264 వద్దు, చాలా పరికరాలు దాన్ని ఆడించలేవు.

రెండోది చాలామంది వాడే గ్రాడ్‌ఫన్ అనే ఫిల్టరు. చారలను మెత్తబరచడానికే పుట్టింది. కానీ దాని డాక్యుమెంటేషన్‌లోనే స్పష్టంగా రాసి ఉంది, ఇది ఆడించేటప్పుడు వాడడానికే గాని, కంప్రెస్ చేయబోయే ముందు వాడవద్దని. అది చల్లిన సన్నని చుక్కలను ఎన్‌కోడరు తుడిచేస్తుంది, చారలు తిరిగి వస్తాయి. మన వాళ్లు వాడేది ఎక్కడ? సరిగ్గా కంప్రెస్ చేయబోయే ముందే!

మూడోది కాస్త ఇసుక చల్లడం, అంటే నాయిస్ ఫిల్టరు. ఎంత చల్లాలో చెప్పే ఏఎల్‌ఎల్‌ఎస్ విలువ 3 లేక 4, ప్రతి ఫ్రేముకూ మారేట్టు టెంపొరల్ ఫ్లాగు. పది అడుగుల దూరం నుంచి చూస్తే చార అంచు కరిగిపోయినట్టు ఉంటుంది. కానీ ఇది చారను కప్పుతుందే తప్ప తీసేయదు, ఎందుకంటే అంకె పూర్ణాంకంగా మారిపోయాక చల్లుతున్నాం. చల్లాల్సింది మారక ముందు.

అది కుదురుతుందా? కుదురుతుంది, జీఈక్యూ అనే ఫిల్టరుతో. ఇది మీరిచ్చిన సూత్రాన్ని ప్రతి పిక్సెల్‌కూ వేరుగా లెక్కకట్టే ఫిల్టరు. ఎక్స్ అంటే ఆ పిక్సెల్ ఎన్నో నిలువు వరుస, డబ్ల్యూ అంటే మొత్తం వెడల్పు. నల్‌సోర్స్ అనే ఖాళీ సోర్సు పెట్టి, దాన్ని వైయూవీ420పీ ఫార్మాట్‌కు మార్చి, జీఈక్యూలో వెలుతురుకు 16 ప్లస్ 30 ఇంటూ ఎక్స్ బై డబ్ల్యూ అని రాయండి. వెలుతురు కాకుండా రంగును చెప్పే అంకెలు రెండు, సీబీ, సీఆర్. సీబీకి 150, సీఆర్‌కు 118 ఇస్తే ముదురు నీలం. ఇది ఎడమ నుంచి కుడికి జారే గ్రేడియంట్. ఇప్పటికి ముప్పై చారలూ అలాగే ఉన్నాయి. ఇప్పుడు ఆ సూత్రం చివర ప్లస్ ర్యాండమ్, బ్రాకెట్లో 1 అని చేర్చండి. అంతే. 20.3 రావాల్సిన చోట, ప్రతి పది పిక్సెల్స్‌లో ఏడు 20గా, మూడు 21గా పడతాయి. సగటు 20.3. కంటికి ఆ సగటే కనిపిస్తుంది. మెట్టు అనేదే లేకుండా పోయింది. చిన్న కూడిక, అంతకన్నా మరేమీ లేదు, కాకపోతే వేయాల్సిన చోట వేశాం.

ఇంత బాగుంటే అన్నిటికీ జీఈక్యూనే వాడవచ్చు కదా అంటారేమో. నెమ్మది. మన చిన్న వాల్‌కే ఫ్రేముకు 6,55,360 పిక్సెల్స్, సెకను వీడియోకు 1,63,84,000 సార్లు ఆ సూత్రాన్ని లెక్కకట్టాలి. పాత ల్యాప్‌టాప్ మీద పెట్టి టీ తాగి రండి. కదలని నేపథ్యమైతే రెండు సెకన్ల ముక్క చేసుకుని వాల్ సాఫ్ట్‌వేర్‌లో లూప్ వేసుకోవడం తెలివైన పని.

చల్లిన చుక్కలు ఎన్‌కోడరు చేతిలో బతకాలంటే ఎంత గట్టిగా కుదించాలో చెప్పే సీఆర్‌ఎఫ్ విలువ తగ్గించాలి. ఎక్స్264లో డిఫాల్ట్ 23, మనకు 16 పెట్టండి. అంకె తగ్గినకొద్దీ నాణ్యత పెరుగుతుంది. చీకటి భాగాల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టమని చెప్పడానికి ఏక్యూ మోడ్ 3 ఉంది, అదీ ఇవ్వండి. ఫైలు పెద్దదవుతుంది. అవనివ్వండి, ఇరవై సెకన్ల ఫైలే కదా.

రంగు కచ్చితత్వం గురించి ఒక్క మాట. వధువు చీర రంగుకు సరిపోయేలా కుంకుమ ఎరుపు కోడు జాగ్రత్తగా ఇస్తారు, తీరా వీడియోలో కాస్త తేడాగా వస్తుంది. ఆర్‌జీబీ నుంచి మార్చేటప్పుడు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ మామూలుగా బీటీ601 అనే రంగు మార్పిడి సూత్రం వాడుతుంది, హెచ్‌డీ కొలతల వీడియోను ప్లేయర్లు బీటీ709 అనే వేరే సూత్రం అనుకుని చదువుతాయి. స్కేల్ ఫిల్టరులో అవుట్ కలర్ మ్యాట్రిక్స్ బీటీ709 అని చెప్పి, అవుట్‌పుట్‌కు కలర్‌స్పేస్ గుర్తు కూడా అదే పెడితే తేడా పోతుంది. జీఈక్యూలో నేరుగా వెలుతురు, సీబీ, సీఆర్ ఇచ్చిన ఫైలుకు స్కేల్‌తో పనిలేదు, గుర్తు ఒక్కటే పెట్టండి.

ఎవరో చెయ్యి ఎత్తారు. ఫోనులో చేయవచ్చా అని అడుగుతున్నారు. చేయవచ్చండీ. ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ అనే యాప్ ఉంది, అందులో పీకేజీ ఇన్‌స్టాల్ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అని కొడితే వచ్చేస్తుంది. ముందుగా టెర్మక్స్ సెటప్ స్టోరేజ్ అనే కమాండు, మూడు మాటల మధ్యా హైఫన్లు పెట్టి, ఒకసారి కొట్టి అనుమతి ఇవ్వండి, లేకపోతే తయారైన ఫైలు మీ గ్యాలరీకి చేరదు. గ్రేడియంట్స్ సోర్సు ఫోనులో బాగానే నడుస్తుంది. జీఈక్యూ జోలికి మాత్రం ఫోనులో వెళ్లకండి, వేడెక్కిపోతుంది. తయారైన ఫైలును వాల్ ఆపరేటరుకు వాట్సాప్‌లో పంపేటప్పుడు వీడియోగా పంపవద్దు, అది మళ్లీ కంప్రెస్ చేసి, మనం చల్లిన చుక్కలన్నీ ఊడ్చేసి చారలే చేతికిస్తుంది. డాక్యుమెంట్‌గా అటాచ్ చేసి పంపండి, ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది.